రెండో పిలుపు

మా శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి యూనివర్సిటీల్లో చదివినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అక్కడ పాఠాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. కాని ఏళ్ల తరబడి నడవని ఒక పీహెచ్‌డీ క్లాసుని పట్టుబట్టి నడిపించిన మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. అతను ఊరి బళ్లో ఐదో తరగతి దాకా చదివాడు. ఆరులోకి వెళ్లకపోవడానికి కారణం ఆ బళ్లో ఆరు లేకపోవడమే గాని అతనికి తెలివి లేకపోవడం కాదు. అతని పేరు పోలారావు. అంటే నేనే.

నమ్మకపోతే వినండి. నమ్మినా వినండి.

మాది వజ్రపుకొత్తూరు పక్కన ఒక ఊరు. సముద్రం హోరు వినిపిస్తుంది గాని నీళ్లు కనిపించవు, మధ్యలో కొబ్బరీ జీడీ పనసా అడ్డం నిలబడతాయి. నా మనవరాలు ప్రమోదిని విశాఖపట్నం దగ్గర ఒక పెద్ద యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది. ఆ యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే ఈసారి నన్ను గేటు దాటనివ్వరు.

దాని తండ్రి, అంటే నా కొడుకు త్రినాథరావు, కిడ్నీలు పాడై వారం వారం పలాస ఆస్పత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తాడు. మా ఉద్దానం ఊళ్లల్లో ఆ జబ్బు లేని వీధి చూపించండి, నా మీసం గొరిగించుకుంటాను. ఎందుకొస్తోందంటే ఒకాయన నీళ్లంటాడు, ఒకాయన ఎండంటాడు, ఒకాయన పొలం మందులంటాడు. ప్రమోదిని ఎమ్మెస్సీలో ఉండగానే ఒక మాట అనుకుంది. మా నూతుల్లో నీళ్లే తను చదువుతుంది. అందులో ఏముందో, ఏం లేదో తేలుస్తుంది. సీటు దొరికిన నాడు ఊళ్లో అందరికీ అదే చెప్పాం. నేను కాస్త ఎక్కువగానే చెప్పాను.

మొన్న మాఘంలో ఒక శనివారం అది ఇంటికొచ్చింది. నేను దొడ్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాను. వచ్చి నా పక్కన పీటేసుకుని కూర్చుంది. మొహం చూస్తే వానకి తడిసిన పిడకలా ఉంది.

"ఏటే గుంటా, బస్సులో ఎవులైనా కాలు తొక్కీసినారేటి?" అన్నాను.

"నా క్లాసు తొక్కీసినారు తాతా," అంది.

ఫోను తీసి చూపించింది. యూనివర్సిటీలో ఈ విడత చెప్పే క్లాసుల జాబితా అట. ఎమ్మెస్సీ వాళ్లకి ఒక వరస, ఎంటెక్ వాళ్లకి ఒక వరస, పీహెచ్‌డీ వాళ్లకి ఇంకో వరస. వేలితో తోస్తున్న కొద్దీ పైకి పోతూనే ఉంది. టెక్కలి సంతలో కూడా అన్ని రకాలు ఉండవు.

"డాక్టరేటుకి కూడా క్లాసులేటే? గెడ్డం పెంచుకుని గదిలో కూకుంటే ఇచ్చీత్తారనుకున్నాను."

"ముందు కొన్ని చదవాలి తాతా. పరిశోధనా పద్ధతులని ఒకటుంది, అది అందరికీ తప్పదు. మిగతావి మనం చేసే పనికి పనికొచ్చేవి మనమే ఏరుకోవాలి."

అని ఒక్కొక్కటీ చదివింది. తీరంలో మట్టి గురించి ఒకటి. ఊళ్లల్లో జబ్బులెలా పాకుతాయో లెక్కగట్టేది ఒకటి. ఒకదాని పేరు ఎంత పొడుగంటే, అది మొదలెట్టినప్పుడు చేతికి తీసుకున్న కొబ్బరికాయ ఒలిచేసి, ఇంకోటి ఒలిచి, మూడోదానికి మెడ విరిచేసరికి పేరు పూర్తయింది. తర్వాతది గాలివానల లెక్కలు.

"అది నాకొగ్గీమను," అన్నాను. "తిత్లీ తుపాను గాలికి నా జీడితోటలో ఎన్ని సెట్లు పడిపోనాయో నానెళ్లి సెప్తాను."

"నువ్వు సెప్పిన ప్రతిసారీ ఓ నాలుగు పెరుగుతన్నాయి తాతా. ఇంకో రెండేళ్లు పోతే మన తోటలో ఉన్నవాటికన్నా పడిపోనవే ఎక్కువౌతాయి."

నవ్వింది గాని ఆ నవ్వు నిలవలేదు. జాబితా అడుగుకి తోసి ఒకచోట ఆపింది. భూగర్భ జలాల రసాయనం. దానికి కావలసింది అదే. పక్కన ఒక చుక్క గుర్తు. ఐదుగురు పేర్లిస్తేనే ఆ క్లాసు నడుస్తుంది, లేకపోతే లేదని ఆ గుర్తుకి అర్థం. ఎన్నో ఏళ్లుగా నడవలేదట. చెప్పే మేడమ్ ఉంది, గది ఉంది, జాబితాలో పేరుంది. క్లాసు మాత్రం లేదు.

"శుక్రవారం సాయంత్రంతో సరి. ఇప్పటికి నేనూ, ఫణీంద్ర అని ఇంకో అబ్బాయీ, ఇద్దరమే."

"ఐదుగురు అవకపోతే?"

"ఆ క్లాసు చదవకుండా ఈ పని చెయ్యడానికి కమిటీ ఒప్పుకోదు. మా సారు వేరే పని చూపిస్తానన్నారు. గోదావరి వైపు చేపల చెరువుల్లో బురద."

"మరి మన నూతులు?"

"ఎప్పుడో ఇంకెవరో వచ్చి చూస్తారు," అంది.

లోపల మంచం మీద త్రినాథరావు మెలకువగానే ఉన్నాడు. అన్నీ విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

"ఇంకెవుల్నీ అడగనేదేటే?"

"అడక్కేం తాతా. గ్రూపులో మెసేజ్ పెట్టాను. పదిమంది పైనే బొటనవేలు చూపించారు. ఒక్కడూ పేరివ్వలేదు."

"రెండో పిలుపు పిలిసినావా?"

ఇది పట్నం వాళ్లకి చెప్పాలి. మా వైపు విందుకి ముందురోజు వచ్చి ఒకసారి పిలుస్తారు. పిలిపించుకున్నవాడు "అలాగే" అంటాడు. అంటే వస్తానని కాదు, విన్నానని. మర్నాడు ఆకులు పరిచాక మళ్లీ ఇంటింటికీ వచ్చి "లెగండి, వడ్డించేత్తన్నారు" అని పిలవాలి. అప్పుడు గాని ఎవడూ లేవడు. రెండో పిలుపు లేకుండా వెళ్లినవాడు తిండికి మొహం వాచినవాడి కింద లెక్క. మా పెదనాన్న తన సొంత షష్టిపూర్తి నాడు, ఎవరూ రెండోసారి పిలవలేదని తన ఇంటి అరుగు మీద నుంచే లేవలేదు. లోపల ఊరంతా తిని, చేతులు కడుక్కుని, బయటికి వెళుతూ ఆయనకి దీర్ఘాయుష్షు కోరి మరీ పోయారు. ఆయన ఆ పూట అటుకులు నమిలాడు. పరువు నిలిచింది.

"అది యూనివర్సిటీ తాతా," అంది ప్రమోదిని. "అక్కడ పిలుపులేటి?"

"తిండోళ్లు ఎక్కడైనా తిండోళ్లే," అన్నాను.

అది ఆదివారం వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ ఆలోచన పోలేదు. మా ఆవిడ సత్యవేణికి చెప్పాను.

"నువ్వెళ్తే దానికున్న సీటు కూడా పీకీత్తారు," అంది.

సత్యవేణి తమ్ముడు అప్పలసూరి ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా పేరంటమైనా వంట వాడిదే. ఎవరు పిలిచినా వెళతాడు, ఎందుకని అడగడు. శుక్రవారం తెల్లారేసరికి ఇద్దరం బయల్దేరాం. ఒట్టి చేతులతో పిలుపుకి ఎలా వెళతామని మా దొడ్లో కాపులోంచి ఒక పనసకాయ కోశాం. కూర పాకానికి వచ్చిన కాయ. దాన్ని బస్సులో సీటు మీద పెడితే పలాస కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. సుమ్మాదేవి ఊరు వెళ్లే ముసలమ్మ ఒకామె వచ్చి, కళ్లజోడు లేదో ఏమో, "బాబూ, కాసింత జరుగు" అంది దానితో. అది జరగలేదు. "ఈ కాలం పిల్లలు!" అనుకుంటూ నిలబడింది. పలాసలో రైలెక్కి మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరాం.

యూనివర్సిటీ గేటు దగ్గర కాపలా అతను ఆపాడు. "ఎవరు కావాలి?"

"పిలుపుకొచ్చినాం బాబూ," అన్నాను.

"ఏం పిలుపు?"

"భూగర్భ జలాల రసాయనం."

అతను నన్నూ చూశాడు, కాయనీ చూశాడు. సైన్సువాళ్లనుకుని వదిలేశాడు.

ఆ తర్వాత చూడాలి మా పని. పీహెచ్‌డీ కుర్రాళ్లుండే హాస్టలు, వాళ్లు పనిచేసే ప్రయోగశాలలు, టీ కొట్టు, ఏదీ వదల్లేదు. నేను ముందు, కాయ నెత్తిన పెట్టుకుని అప్పలసూరి వెనక. ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి, నలభై ఏళ్లుగా ఊళ్లో పిలిచినట్టే పిలిచాను. "బాబూ, మీరు వత్తామన్నారట. వేళయిపోతంది. లెగండి, పేరిచ్చీండి." లేవనివాడి దగ్గర అప్పలసూరి ఒక్క మాట కలిపేవాడు. "మా గుంట బతిమాల్తంది నాయినా." ఎంత మర్యాదగా విన్నారనుకున్నారు! కుర్చీలిచ్చారు. ఒక పిల్ల మంచినీళ్లిచ్చింది. ఒకడు కాయతో ఫొటో తీసుకున్నాడు. అందరూ ఒకే మాట అన్నారు. "అలాగే తాతగారూ."

ప్రమోదిని మమ్మల్ని ఒక మేడ మెట్ల దగ్గర పట్టుకుంది. పక్కన సన్నగా, జుట్టు చెదిరిన కుర్రాడు. వాడే ఫణీంద్ర.

"తాతా! ఏటిది? నువ్వేటి, అప్పలసూరి తాతేటి, ఆ కాయేటి?"

"పిలుపులు పూర్తయిపోనాయి. సూడు, ఇప్పటికి నీ క్లాసు నిండిపోనుంటాది."

అది ఫోను చూసింది. నాకు చూపించింది. ఇద్దరే ఉన్నారు. పొద్దున్న ఎంతమందో ఇప్పుడూ అంతమందే.

ఇక్కడ మొదట్లో చెప్పుకున్న గొప్ప కాస్త కిందికి దించుకోవాలి. దించుకుంటాను, నాకేం బరువా! నా పిలుపుకి ఆ యూనివర్సిటీలో ఒక్క ప్రాణి కదల్లేదు. బస్సులో ముసలమ్మ మాటకి మా పనసకాయ కదిలినపాటి కూడా కదల్లేదు.

"వాళ్లకి ఇష్టం లేక కాదు తాతగారూ," అన్నాడు ఫణీంద్ర. "భయం. ఇప్పుడు దీనికి పేరిచ్చి, ఐదుగురు కాక క్లాసు ఎత్తేశారనుకోండి, సోమవారానికి మిగతా క్లాసులన్నీ నిండిపోతాయి. ఎటూ కాకుండా పోతారు. అసలు మేడమ్ చెబుతారో లేదో కూడా ఎవరికీ తెలీదు. అందుకే ఇంకొకడు ఇస్తే నేనిస్తానని ప్రతివాడూ చూస్తున్నాడు."

ప్రమోదిని మెట్టు మీద కూర్చుంది. కాసేపు గోరు కొరుక్కుంది. చిన్నప్పుడు ఎక్కం మర్చిపోతే అలాగే చేసేది.

"తాతా, మన ఊళ్లో రెండో పిలుపు ఎవులు పిలుస్తారు?"

"ఇంకెవులు, ఆ ఇంటోలు."

"వంటోడు వచ్చి పిలిస్తే?"

"వంటోడు పిలిస్తే ఎవులు లెగుస్తారే? ఎంత అవమానం!"

"పక్కూరి ముసలోడు వచ్చి పిలిస్తే?"

నేను మీసం సవరించుకున్నాను.

"మరి ఈ బోయినం ఎవులింట్లోది తాతా?"

అప్పలసూరి నెత్తి మీద కాయ దించి నేల మీద పెట్టాడు. "బావా," అన్నాడు, "మనం ఇందాకట్నించీ ఎవులింటి బోయినానికో ఊరంతటినీ పిలిసీసినాం."

వాడి వంట చేతుల్ని మెచ్చుకుంటాను గాని వాడి నోటిని ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆ రోజు కూడా మెచ్చుకోలేదు.

ప్రమోదిని లేచింది. ఆ క్లాసు చెప్పాల్సిన మాధవీలత మేడమ్ గది పై అంతస్తులో ఉంది. మేమంతా వెనకే వెళ్లాం. అది తలుపు తట్టి లోపలికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. నేను ఆ సందు దగ్గర నిలబడి, చాటుగా వినడం నాకు నచ్చనట్టు మొహం పెట్టి మొత్తం విన్నాను.

"ఎంతమంది?" అంది మేడమ్, కంప్యూటర్ మీద నుంచి కళ్లు తీయకుండా.

"ఇద్దరమే మేడమ్."

"అనుకున్నాను. ప్రతి ఏడూ ఇంతే."

"మీరు ఎవరినైనా పిలిచారా మేడమ్?"

"జాబితాలో ఉంది కదమ్మా. కావలసినవాళ్లు వస్తారు."

"వాళ్లు మీరు చెబితే వద్దామని కూర్చున్నారు. మీరు వాళ్లు వస్తే చెబుదామని కూర్చున్నారు."

మేడమ్ కుర్చీ ఇటు తిప్పింది. "ఒక ఏడు పాఠాలన్నీ సిద్ధం చేసుకున్నాను. సెలవుల్లో కూచుని రాశాను. ముగ్గురొచ్చారు. ఎత్తేశారు. అప్పట్నుంచి పేరు మాత్రం ఉంచుతున్నాను. ఇప్పుడు నేను వెళ్లి గది గదికీ పిలిచాననుకో. అప్పుడూ ఎవరూ రాకపోతే?"

ప్రమోదిని ఒక అడుగు ముందుకేసింది.

"మా నాన్న డయాలసిస్ మంచం మీద పడుకుని, తను తాగిన నీళ్లలో ఏముందని అడుగుతాడు మేడమ్. డాక్టర్ని అడగడు, నన్నడుగుతాడు. నేను చేపల చెరువు బురద గురించి ఆయనకేం చెప్పను? వచ్చేవాళ్లు వస్తారు. మీరు లేవండి."

మేడమ్ లేచింది.

ఇది మాత్రం చూడవలసిన సంబరం. మేడమ్ ముందు నడుస్తోంది, ప్రమోదిని వెనక, ఫణీంద్ర దాని వెనక, కాయతో అప్పలసూరి, చివర నేను. మొదటి ప్రయోగశాల గుమ్మంలో నిలబడి మేడమ్ చెప్పింది ఇంతే. "సోమవారం పొద్దున్న మొదలుపెడుతున్నాను. నీళ్ల మీద పని చేసేవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే పేరివ్వండి. ఐదుగురు తేలే దాకా నేను ఈ మేడ దిగను." మూలనుంచి ఒక పిల్ల లేచింది, ఇందాక నాకు మంచినీళ్లిచ్చిన పిల్లే. "మేడమ్, మీరు నిజంగా చెబుతారా?" అంది. మేడమ్ "నువ్వు నిజంగా వస్తావా?" అంది. ఆ పిల్ల అక్కడే ఫోను తీసి పేరిచ్చేసింది. ఆమె పక్కవాడు వంగి చూసి తనూ ఇచ్చాడు.

తర్వాతి గదిలో ఎవరూ లేవలేదు. మేడమ్ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ప్రమోదిని నెమ్మదిగా ఆమె మోచెయ్యి తాకి పక్క గుమ్మం వైపు నడిపించింది. అక్కడ ఇద్దరు దొరికారు. ఒకడు ఇందాక కాయతో ఫొటో తీసుకున్నవాడు. "తాతగారు అడిగినప్పుడే ఇచ్చేద్దామనుకున్నా మేడమ్," అన్నాడు. వాడి మాట నేను నమ్మలేదు గాని మేడమ్ ముందు అనడం వల్ల నాకు బాగానే ఉంది. సాయంత్రానికి ఆ క్లాసు పక్కన చుక్క గుర్తు తీసేశారు.

పనసకాయని మళ్లీ ఊరికి మోసుకెళ్లడం నా వల్ల కాదన్నాడు అప్పలసూరి. హాస్టలు వంటగదిలో వాళ్లని బతిమాలి, అక్కడి కత్తులకి నూనె రాసి, కాయ చీల్చి, సంచిలో తెచ్చుకున్న మా జీడిపప్పు దట్టంగా వేసి కూర వండాడు. మాధవీలత మేడమ్ మెస్సులో కుర్రాళ్ల పక్కనే కూర్చుని తింది. తింటూనే ఉద్దానంలో నూతులు ఎంత లోతు ఉంటాయి, బోర్లు ఎప్పుడు వేశారు, వేసంగిలో నీటి రుచి మారుతుందా అని నన్ను అడిగింది. తెలిసినవాటికి తెలుసన్నాను. తెలియనివాటికి కూడా తెలుసనబోయి, ప్రమోదిని చూస్తోందని ఊరుకున్నాను.

కమిటీ ఒప్పుకుంది. ఫాల్గుణంలో ప్రమోదిని ఒక పెట్టె నిండా సీసాలు తెచ్చుకుని ఊరికొచ్చింది. ఫణీంద్ర కూడా వచ్చాడు. మొదటి సీసా మా నూతిదే. చేద వేసి తోడింది త్రినాథరావు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు, వద్దంటే వినలేదు. కూతురు చెప్పినట్టే సీసా ఆ నీళ్లతోనే తొలిచి, పారబోసి, మళ్లీ అంచుదాకా నింపి, మూత బిగించి ఇచ్చాడు. ఇచ్చాక వెళ్లి పడుకోలేదు. పక్కింటివాళ్ల నూతి దగ్గరికి కూడా వాళ్లతోనే నడిచాడు. నీళ్లలో ఏం తేలుతుందో ఇంకా తెలీదు. తేలడానికి ఏళ్లు పడుతుందట. పట్టనీండి.

ఇక ఒక్క మాట. మీరు కాయకి టికెట్టు కొట్టడం దగ్గర నవ్వి ఉంటారు. అది నిజం, ఆ చీటీ చూపించమంటే చూపిస్తాను. పెదనాన్న అటుకులు నమలడమూ నిజమే, ఇంకా మా ఊళ్లో సాక్షులున్నారు. నేను కల్పించింది ఒక్కటే. మేడమ్ గది తలుపు ఓరగా లేదు. వేసేసి ఉంది, అది ఏసీ గది. లోపల మా ప్రమోదిని ఏం చెప్పిందో నాకు తెలీదు. ఎన్నిసార్లు అడిగినా "నీకెందుకు తాతా" అంటుంది. కాసేపటికి తలుపు తెరుచుకోవడం, మేడమ్ ముందు నడుస్తూ రావడం, అంతవరకే నేను చూశాను. తను తాగిన నీళ్లలో ఏముందని త్రినాథరావు అడిగింది దాన్ని కాదు, నన్ను. నా దగ్గర జవాబు లేక, ఆ మాట తీసుకెళ్లి దాని నోట్లో పెట్టాను. అంతకంటే మంచి మాట మీకు తోస్తే అదే పెట్టుకుని చదువుకోండి. తలుపు మాత్రం తెరవకండి, చల్లదనం పోతుంది.